నిమ్మరసము నుండి ఆకుకూర వరకు

ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు ఆరోగ్యమునకు మేలు చేయునని చెప్పనివారు లేరు. చిన్ననాట అమ్మమ్మ చెప్పినది, బడిలో ఉపాధ్యాయుడు చెప్పినది, జబ్బు చేసినపుడు వైద్యుడు చెప్పునది ఈ మాటయే. కాని అందరును చెప్పు మాటలకు ఒక దురదృష్టము కలదు. వానిని మనము వినుట మానివేయుదుము. విస్తరిలో తోటకూర ఒక మూలకు జరుగుచుండును. పండ్లబుట్ట పండుగలకును, చుట్టముల రాకకును మాత్రమే నిండుచుండును. ఈ చిన్న మాటను రుజువు చేయుటకు ఎన్ని తరములు పట్టినవో, ఈలోపల ఎన్ని వేల ప్రాణములు పోయినవో తెలిసినచో దానిపై మనకు కొంత గౌరవము కలుగును. అందుచేత నేడు ఆహార నియమములను వల్లించుటకు మారుగా, ఆ నియమములు మానవునికి ఎట్లు తెలిసినవో ఆ చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఈ చరిత్ర సముద్రము మీద మొదలగును. పదునైదవ శతాబ్దము చివర ఐరోపా ఓడలు నెలల తరబడి తీరము చూడకుండ ప్రయాణము చేయసాగెను. ఓడలో నిలువయుండు తిండి గట్టి రొట్టె, ఉప్పు వేసిన మాంసము, ఎండు బఠాణీలు. రెండు మూడు నెలలు గడచునప్పటికి నావికులకు ఒక వింత వ్యాధి సోకుచుండెను. చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారును. పండ్లు కదలును. చర్మము క్రింద నెత్తురు గడ్డకట్టి నల్లని మచ్చలేర్పడును. ఏనాడో మానిన గాయములు మరల తెరచుకొనును. మనిషి లేవలేక, లేచినచో నిలువలేక, తుదకు ప్రాణము విడుచును. దానికే స్కర్వీ యని పేరు.

మన దేశపు చరిత్రలో ప్రసిద్ధమైన వాస్కో డ గామా యాత్రయే దీనికి తొలి సాక్ష్యములలో నొకటి. ఆయన 1498 మే నెలలో కాలికట్టు చేరిన సంగతి పిల్లలందరును చదువుదురు. తిరుగు ప్రయాణపు సంగతి అంతగా చదువరు. 1498 అక్టోబరు మొదటి వారములో మన పశ్చిమతీరమును విడిచిన ఓడలు అరేబియా సముద్రమును దాటుటకు మూడు నెలలు పట్టెను. ఆ మూడు నెలలలో ముప్పదిమంది నావికులు స్కర్వీవలన మరణించిరి. ఒక్కొక్క ఓడకు పని చేయగలవారు ఏడెనిమిదిమంది మాత్రమే మిగిలిరి. ఆఫ్రికా తీరమున మాలింది రేవు చేరగనే రోగులు కోరినది నారింజపండ్లు. అనగా ఏ పుస్తకము చెప్పకమునుపే ఆ రోగుల నాలుకకు మందు తెలిసియుండెను.

ఒక శతాబ్దము తరువాత, 1601లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి మొదటి నౌకాయాత్ర జేమ్స్ లాంకాస్టరు నాయకత్వమున బయలుదేరెను. నాలుగు ఓడలలో ఆయన స్వయముగ ప్రయాణము చేసిన ఓడలో నావికులకు ప్రతి ఉదయము మూడు చెంచాల నిమ్మరసము పోయించెను. ఆ ఓడలోనివారు ఆరోగ్యముగ నుండిరి. తక్కిన మూడు ఓడలలో తెరచాపలు లాగుటకు మనుష్యులు చాలకపోగా వర్తకులే చుక్కాని పట్టవలసి వచ్చెను. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము వేరొకటి కావలయునా? అయినను ఈ అనుభవము మరుగున పడెను. 1740లో కమొడోర్ ఆన్సన్ వెంట భూప్రదక్షిణమునకు బయలుదేరిన సుమారు 1900 మందిలో మూడింట రెండు వంతులకు పైగా మరణించిరి. వారిలో అత్యధికులను చంపినది శత్రువు కాదు, రోగము. అందును ముఖ్యముగ స్కర్వీ.

అనుభవము ఒకటి, పరీక్ష యొకటి. పరీక్ష చేసినవాడు జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు. 1747 మే 20వ తేదీన సాల్స్బరీ అను యుద్ధనౌకలో ఆయన పండ్రెండుగురు రోగులను ఎంచుకొనెను. వారి రోగ లక్షణములు ఒకటే, ఉండు చోటు ఒకటే, సామాన్యాహారము ఒకటే. వారిని ఇద్దరిద్దరుగ ఆరు జతలు చేసి, ఒక జతకు ఆపిలు పానీయము, ఒక జతకు గంధకామ్లపు చుక్కలు, ఒక జతకు సిర్కా, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలగువాని ముద్ద ఇచ్చెను. మిగిలిన జతకు దినమునకు తలకు రెండు నారింజపండ్లు, ఒక నిమ్మపండు. ఆరు దినములకు పండ్లు అయిపోయెను. అప్పటికే ఆ యిద్దరిలో ఒకడు పనిలో చేరుటకు సిద్ధముగ నుండెను. రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేయుటకు నియమితుడాయెను. ఆపిలు పానీయము త్రాగినవారికి కొంచెము గుణము కనిపించెను. మిగిలినవారికి చెప్పుకొనదగిన మేలు కలుగలేదు. ఒకే స్థితిలోని రోగులకు వేర్వేరు మందులిచ్చి ఫలితములను పోల్చి చూచుట నేటి వైద్యశాస్త్రమునకు ప్రాణము వంటిది. అట్టి పరీక్షలలో తొలి తరగతికి చెందినది ఇది.

ఇక్కడ ఈ కథ ముగిసియుండవలసినది. ముగియలేదు. లిండ్ 1753లో తన గ్రంథమును ప్రచురించెను. నౌకాదళమంతటికి నిమ్మరసము ఇయ్యవలెనను ఉత్తరువు వచ్చినది 1795లో. నడుమ నలువది రెండు సంవత్సరములు గడచెను. ఉత్తరువు వచ్చుటకు ఒక యేడు ముందు, 1794లో, లిండ్ కన్నుమూసెను.

ఈ ఆలస్యమునకు కారణము అధికారుల అలక్ష్యము మాత్రమే కాదు. ఆ పెద్ద గ్రంథములో పరీక్ష వృత్తాంతము కొద్ది పుటలలో ముగిసెను. తక్కిన పుటలనిండ చెమ్మగాలి, అజీర్ణము, శరీరము క్రుళ్లుట మొదలైన సిద్ధాంతములు నిండియుండెను. కళ్లెదుట కనిపించిన దానికన్న తలలోని సిద్ధాంతమునకే ఆ కాలపు వైద్యులు విలువ యిచ్చిరి. మరియొక పొరపాటు ఇంకను విచారకరము. పండ్లు నిలువయుండవని తలచి లిండ్ రసమును కాచి చిక్కబరచి సీసాలలో పోయు పద్ధతిని సూచించెను. ఆ కాపుటలో గుణము చాలవరకు నశించినది. నావికులు దానిని త్రాగిరి, గుణము కనిపించలేదు, పండ్లయందే మహిమ లేదని పలువురు తలచిరి. మందు మంచిదే, వండిన తీరు చెడ్డది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మన వంటయింటి సంగతి వచ్చినపుడు దీనితో పని పడును.

తుదకు ఈ వివాదము తీరినది మన తీరముననే. 1794లో సఫోక్ అను యుద్ధనౌక ఇంగ్లండునుండి మద్రాసుకు బయలుదేరెను. ఇరువది మూడు వారములు ఎక్కడను తీరము తాకలేదు. గిల్బర్ట్ బ్లేన్ అను వైద్యుని సలహా ననుసరించి కాచని నిమ్మరసమును, చక్కెరతో, ప్రతి నావికునికి ప్రతిదినము ఇచ్చిరి. కొందరిలో రోగచిహ్నములు కనిపించినపుడు రసము పాలు హెచ్చించగా అవి మాయమాయెను. ఓడ మద్రాసు చేరునప్పటికి స్కర్వీవలన ఒక్కడును చనిపోలేదు. ఈ వార్త లండనుకు చేరిన పిమ్మటనే 1795 నాటి ఉత్తరువు వెలువడెను. కొన్ని యేండ్లలోనే నౌకాదళపు ఆసుపత్రులలో స్కర్వీ అరుదైనది.

అయినను, కారణము తెలియని జ్ఞానము సగము జ్ఞానమే. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున మధ్యధరా తీరపు నిమ్మపండ్లకు మారుగా వెస్టిండీసునుండి చిన్న పుల్లనిమ్మ రసమును తెప్పించిరి. పులుపు ఎక్కువ గనుక గుణమును ఎక్కువే యనుకొనిరి. 1875లో ఉత్తర ధ్రువమునకు బయలుదేరిన బ్రిటిషు యాత్రికులు ఈ రసమును నమ్ముకొని పోయి స్కర్వీ పాలైరి. అటు పిమ్మట 1918లో హారియెట్ చిక్ మొదలైన పరిశోధకురాండ్రు లండనులో పరీక్షించి, ఆ రసములో గుణము నిమ్మపండు రసములోని దానిలో నాలుగవ వంతు మాత్రమేయని తేల్చిరి. పులుపునకును గుణమునకును సంబంధము లేదని అప్పటికి స్పష్టమాయెను.

ఆ పరిశోధకురాండ్రకు అట్టి పని తటస్థించుటకు మొదటి ప్రపంచయుద్ధము కారణము. 1915 డిసెంబరునుండి 1916 ఏప్రిల్ వరకు మెసపొటేమియాలోని కూట్ పట్టణములో బ్రిటిషు ఇండియా సేన ముట్టడిలో చిక్కుకొనెను. అందు మన భారతీయ సిపాయిలు స్కర్వీతో బాధపడిరి. తెల్లదొరల సిపాయిలు బెరిబెరితో బాధపడిరి. ఒకే కోటలో రెండు తిండ్లు, రెండు రోగములు. తాజా కూరలు, పండ్లు దొరకని అట్టి చోట్లకు చిక్ బృందము సూచించిన ఉపాయము మన యింటి ఆడవారు నవ్వుకొనదగినది: పప్పుగింజలను నానబెట్టి మొలకెత్తించి తినుడని! ఎండుగింజలో లేని గుణము మొలకలో పుట్టుచున్నదని వారు పరీక్షలలో చూపిరి.

బెరిబెరి ప్రస్తావన వచ్చినది గనుక మన తెలుగుసీమ మాట చెప్పవలెను. దక్షిణ భారతమున ఈ వ్యాధి ముఖ్యముగ పీడించినది ఉత్తర సర్కారు జిల్లాల సముద్రతీరమును. 1918లో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు నీలగిరి కొండలలోని కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన ప్రారంభించెను. వడ్లను ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అరుదు. పచ్చివడ్లను మరలో పట్టించి, తెల్లగా మెరుగు పెట్టిన బియ్యము తినువారికి అధికము. గింజపైని పొరలో నున్న ప్రాణాధారమైన పదార్థము తవుడుతోపాటు పశువుల కుడితిలోనికి పోవుచుండెను. తెల్లదనము చూచి మురిసి మనము పారవేసినది మన కాళ్లకు బలమిచ్చు పదార్థమును. ఆ ఒక్క గదియే పెరిగి పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. మన దేశపు కూరలలో, పండ్లలో, పప్పులలో ఏ పోషకము ఎంత కలదో లెక్కగట్టి పట్టికలు కూర్చినది ఈ సంస్థయే.

నిమ్మపండులోని గుణమునకు పేరు పెట్టుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1907లో నార్వే దేశమున హోల్స్ట్, ఫ్రోలిక్ అను ఇరువురు గినీ పందులకు ధాన్యము మాత్రమే పెట్టి స్కర్వీ పుట్టించి, క్యాబేజి పెట్టి మాన్పిరి. అధిక జంతువులు ఈ పోషకమును తమ శరీరములోనే తయారు చేసికొనగలవు. మనుష్యులును, కోతులును, గినీ పందులును చేసికొనజాలవు. 1928లో ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి అను హంగరీ శాస్త్రజ్ఞుడు ఒక ఆమ్లమును వేరుచేసెను. 1932లో అదియే సి విటమిను అని తేలెను. పరిశోధనకు కావలసినంత పదార్థము ఆయనకు దొరకినది నిమ్మపండ్లలో కాదు, తన ఊరి చుట్టుపట్ల విరివిగ పండు మిరపకాయలలో! 1937లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన యింట ప్రతిదినము వాడు పచ్చిమిరపకాయయందును ఈ విటమిను సమృద్ధిగ కలదు.

ఇక ఆకుకూర వంతు. ఈ భాగమున కథానాయకుడు మన తెలుగువాడు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీలకు వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశీలించెను. వారి తిండిలో తాజా కూరలు, పండ్లు బహు స్వల్పము. ఈస్టు సారము ఇచ్చినపుడు వారు కోలుకొనుట ఆమె గమనించెను. అందలి గుణకరమైన పదార్థమేదో తెలియలేదు. 1941లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక ఆమ్లమును కొద్దిపాటిగ రాబట్టి, లాటిను భాషలో ఆకునకు పేరైన ఫోలియమును బట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. పేరులోనే ఆకు కలదు!

దీనిని ప్రయోగశాలలో తయారు చేసి లోకమునకు అందించిన బృందమునకు పరిశోధనాధిపతి డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించిన ఈ మహనీయుడు మద్రాసున వైద్యవిద్య నభ్యసించెను. సోదరుని స్ప్రూ అను జీర్ణవ్యాధి బలిగొనెను. తానును ఆ వ్యాధితోనే కృశించి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రదికి బయటపడెను. 1922లో అమెరికా పోయి, హార్వర్డులో పనిచేసి, కండరములకు శక్తి సమకూర్చు పదార్థములను గూర్చి గొప్ప పరిశోధనలు చేసెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారు చేయగలిగెను. వెనువెంటనే వైద్యులు దానిని ఉష్ణదేశపు స్ప్రూ రోగులపై ప్రయోగింపగా వారు కోలుకొనిరి. తన సోదరుని తీసికొనిపోయిన వ్యాధికి తన చేతిమీదుగ మందు వెడలుట ఎంతమందికి దక్కు భాగ్యము! ఆయన 1948 ఆగస్టులో తన యేబది మూడవ యేట అస్తమించెను.

ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. 1991లో ప్రకటింపబడిన బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారి విస్తృత పరీక్షలో, వెన్నుపాము సరిగా మూసికొనని బిడ్డను ఒకసారి కన్న తల్లులు మరల గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, ఆ లోపము తిరిగి వచ్చుట మూడింట రెండు వంతులకు పైగా తగ్గునని రుజువాయెను. మన దేశమున 1970లో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు పంచు పథకము మొదలాయెను. ఆ మాత్ర చేతబట్టిన ప్రతి తెలుగుతల్లియు, తెలియకయే, భీమవరపు బిడ్డ శ్రమఫలమును అందుకొనుచున్నది.

అయితే చరిత్ర ఒక హెచ్చరికయును చేయుచున్నది. ఫోలిక్ ఆమ్లము కనుగొన్న కొత్తలో దానిని ఒక విధమైన ప్రమాదకర రక్తహీనతకు ఇచ్చిరి. నెత్తురు బాగుపడెను గాని నరముల జబ్బు ఆగలేదు. అక్కడ కావలసినది బి-12 విటమిను. అది 1948లో వేరుచేయబడెను. అది ఆకులలోను, పండ్లలోను దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలు మాత్రమే దానిని ఇచ్చును. కాబట్టి కేవల శాకాహారులు పాలు, పెరుగు విడువరాదు. వానిని కూడ విడిచినవారు వైద్యుని సలహాతో ఆ విటమినును వేరుగ తీసికొనవలెను. శాకములను మెచ్చుకొనుటయన అవి ఇయ్యనిది కూడ ఇచ్చునని చెప్పుట కాదు.

నేడు మన ఊళ్లలో స్కర్వీ అరుదు. కాని మధుమేహము, గుండెజబ్బు, రక్తపుపోటు ఇంటింటి మాట అయినవి. వీని నివారణమునకు కూడ కూరలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యములు సహాయపడునని అనేక దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. అందలి పీచు పదార్థము ప్రేగులను శుభ్రపరచును. కొలెస్ట్రాలును కొంత తగ్గించును. చక్కెర నెత్తురులో చేరు వేగమును నెమ్మదింపజేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దవారు దినమునకు కనీసము 400 గ్రాముల కూరలు, పండ్లు తినవలెనని చెప్పుచున్నారు. దుంపలు ఈ లెక్కలోనికి రావు. పండు తినుటకును దాని రసమును వడగట్టి చక్కెర కలిపి త్రాగుటకును భేదము కలదు. వడగట్టినపుడు పీచు పోవును.

ఇందుకు ధనము కావలయునని కొందరందురు. ఆపిలు పండ్లు కొనవలెనన్న కావలసినదే. కాని మన పెరటి జామపండులో నారింజకన్న అనేక రెట్లు అధికముగ సి విటమిను కలదు. ఉసిరికాయ సంగతి చెప్పనక్కరలేదు; 1939-40 ప్రాంతమున హిస్సారు కరవులో స్కర్వీ పీడితులకు ఉసిరియే మందాయెను. కార్తిక మాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయు మనము ఆ చెట్టు కాయను కూడ విస్తరిలో వేసికొనుట మరువరాదు. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, బచ్చలి, గోంగూర అంగడిలో చౌకగ దొరకునవే.

లిండ్ పొరపాటు జ్ఞాపకమున్నది కదా. ఆకుకూరను తరిగిన తరువాత కడుగరాదు, కడిగి తరుగవలెను. నీటిలో ఉడికించి ఆ నీటిని వార్చివేసినచో సి విటమినును, ఆకునుండి పేరు పొందిన ఆమ్లమును చాలవరకు తూములోనికి పంపినట్లే. కొలది నీటితో, మూత పెట్టి, కొలది సేపు ఉడికించుట మేలు. నిమ్మరసమును పప్పు పొయ్యిమీద నుండగా కాక, దించిన పిమ్మట పిండుకొనవలెను. మన అమ్మమ్మలు ఈ పని కారణము తెలియకయే చేసిరి. మనము తెలిసి చేయవచ్చును.

లాంకాస్టరు 1601లో చూచిన సత్యము నౌకాదళపు ఉత్తరువుగ మారుటకు 194 సంవత్సరములు పట్టెను. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారు పేరులేని నావికులు. నేడు మనకు తెలియనిది అంతగా లేదు; అంగడి దూరము కాదు; ఉత్తరువు ఇయ్యవలసిన నౌకాదళము అంతకన్న లేదు. నేటి రాత్రి భోజనమునకు ఒక ఆకుకూర, ఒక పండు చేరునో లేదో నిశ్చయింపవలసినది ప్రతి యింటి వంటయిల్లే.